రెండో చోటు

మొన్న మా షాపుకి ఒకాయన ఫోను తువ్వాల్లో చుట్టి పట్టుకొచ్చేరు. పంటకాలవ గట్టు మీద నడుస్తుంటే జేబులోంచి జారి నీళ్ళలో పడిపోయిందట. దిగి వెతికితే బురదలో దొరికిందట. "ఫోను పోతే పోయిందండీ, మా మనవడు మొదటిసారి అడుగులేసిన వీడియో అందులో ఉండిపోయిందండీ," అన్నారు. నేను ఫోను వెనకరేకు విప్పుతూ, "అది ఇంకో చోట ఎక్కడైనా ఉందాండీ?" అని అడిగేను. అడుగుతూ నాకు తెలీకుండానే కుడి గుప్పిట మూసి ఎడం చంక కింద పెట్టుకున్నాను.

ఆయన నా చెయ్యి వంక చూసి, "నొప్పా అండీ?" అన్నారు.

నొప్పి కాదు. అదొక మాట. అమలాపురం శివార్లలో వినపడని పిల్లల బడి ఒకటుంది. ల్యాప్‌టాప్‌లో ఉన్నదాన్ని ఇంకో చోట కూడా భద్రంగా దాచుకోవడాన్ని మనం బ్యాకప్ అంటాం కదా, ఆ పిల్లలు దానికి అలా సైగ కట్టేరు. గుప్పిట్లో ఏదో పెట్టుకుని, ఎవరికీ కనపడకుండా చంకలో దాచుకున్నట్టు. ఆ సైగ నా చేతికి అంటించినావిడ పోయి ఏడాది కావస్తోంది.

బడిలో పెద్దవాళ్ళందరూ ఆవిణ్ణి టీచర్ గారు అనేవారు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. పిల్లలకి మాత్రం ఆవిడకి వేరే పేరుండేది. ఎడం మణికట్టు లోపలివైపు రెండు వేళ్ళతో తట్టేవారు, అదే ఆవిడ పేరు. ఆవిడ వాచీ ముఖం లోపలికి తిప్పి పెట్టుకునేవారు. బయటికి పెట్టుకుంటే, చేతులు ఆడించేటప్పుడు అద్దం మెరిసి పిల్లల కళ్ళలో పడుతుందని.

ఆవిడ మాట్లాడితే చేతులు కూడా మాట్లాడాల్సిందే. ఎదుటివాళ్ళకి వినపడుతుందా లేదా అన్నదాంతో పనిలేదు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, అవతలివాళ్ళకి కనపడవని తెలిసీ రెండు చేతులూ ఆడించేవారు. చేతిలో సంచీ ఉంటే సంచీ కింద పెట్టి, టీ గ్లాసుంటే గ్లాసు కింద పెట్టి, అప్పుడు మొదలెట్టేవారు. మా షాపులో ఆవిడకి తెప్పించిన టీ వేడిగా తాగిన రోజు నాకు గుర్తులేదు. సగం చల్లారేక ఒక్క గుక్కలో తాగేసి, "బావుంది బాబూ," అనేవారు.

మొదటిసారి షాపుకొచ్చినప్పుడు చంకలో ల్యాప్‌టాప్ ఉంది. ఆన్ అవట్లేదన్నారు.

"పాతదైపోయిందండీ," అన్నాను చూసి.

"పాతదైతే ఆగిపోవాలా? నేనూ పాతదాన్నే. లోపల ఏది ఆగిపోయిందో చూపించండి."

సాధారణంగా ఎవరూ అలా అడగరు. ఎప్పటికి ఇస్తారు, ఎంతవుతుంది అంటారు. ఈవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు మార్చుకుని కూర్చున్నారు. విప్పి డిస్కు బయటికి తీసి చూపించేను. అరచేతిలో పెట్టుకుని కాసేపు అటూ ఇటూ తిప్పేరు.

"ఇదేనా? మా వాళ్ళ మాటలన్నీ ఇందులోనే ఉన్నాయా?"

"మాటలా అండీ?" అన్నాను. ఆ బడిని ఊళ్ళో అందరూ మూగబడి అంటారు. నాకూ అలాగే తెలుసు.

"మాటలే బాబూ. వాళ్ళు మాట్లాడుతున్నారు. మనకి వినపడట్లేదంతే."

డిస్కు పూర్తిగా పాడవలేదు. వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే లోపలివి కనిపించేయి. అప్పుడు ఆవిడ ఒక్కో వీడియో తీసి నాకు చూపించేరు. చేపల మార్కెట్లో ఒక ముసలావిడ చేతి వేళ్ళు పక్కలకి పాకిస్తూ 'పీత' అంటోంది. ఏరు దాటించే పంటు మీద నిలబడి ఒక కుర్రాడు 'ఏటి పోటు' అంటున్నాడు. కోనసీమలో ఊరూరా తిరిగి, వినపడనివాళ్ళు తమంతట తాము కట్టుకున్న సైగల్ని ఆవిడ కెమెరాలో పట్టుకుంటున్నారు. సెలవు రోజుల్లో, సొంతంగా.

"ఇంట్లో ఒక్కడే వినపడనివాడు ఉంటాడనుకోండి. వాడికి కావలసిన మాటలు వాడే చేసుకుంటాడు. ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీవు. వాడు పోతే అవీ పోతాయి. పుస్తకంలో ఉండవు, ఇంకొకరి నోట్లో ఉండవు," అన్నారు. తర్వాత నా మొహంలోకి చూసి, "వీటికి రెండో చోటు ఉండాలి. ఎలా పెట్టాలో చెప్పండి," అన్నారు.

రెండో చోటు. ఆ మాట ఆవిడ దగ్గర ఎన్నిసార్లు విన్నానో. బడిలో ఎవరు కొత్తగా చేరినా, ఏ ఫోటో తీసినా, ఏ మార్కుల కాగితం టైపు చేసినా, ఆవిడ అడిగేది ఒకటే. "దీనికి రెండో చోటు ఉందా?"

ఆ రెండో చోటే సర్వర్. సర్వర్ అంటే పెద్ద హంగామా ఏమీ కాదు. మా షాపులో పడున్న ఒక డెస్క్‌టాప్‌కి పెద్ద డిస్కు తగిలించి, బడి మేడ మీద గదిలో, నేలమీద కాకుండా ఎత్తుగా సిమెంటు అరలో పెట్టేం. కింద గదులు వానలకి చెమ్మ ఊరతాయి. చీమలు దూరకుండా అర చుట్టూ చాక్‌పీసు గీత ఎప్పటికప్పుడు ఆవిడే గీసేవారు. ఊళ్ళనుంచి రాగానే ల్యాప్‌టాప్ తెరిస్తే చాలు, అందులో కొత్తగా చేరినవి వాటంతటవే సర్వర్‌లోకి వెళ్ళేవి. అక్కడ ఎవరైనా పేరు సరిచేస్తే ఇక్కడా మారేది. రెండూ ఎప్పుడూ ఒక్కలా ఉండేవి.

ఇక మూడోది. అది ఆవిడ పట్టుదల. చిన్న హార్డ్‌డిస్కులు రెండు కొన్నారు. నెలకోసారి ఒకదాంట్లోకి అంతా ఎక్కించి, రాజోలులో వాళ్ళ చెల్లెలుగారింటికి బస్సులో తీసుకెళ్ళి, అక్కడ పాతది తీసుకుని కొత్తది పెట్టి వచ్చేవారు. చెల్లెలుగారు దాన్ని స్టీలు డబ్బాలో, బిగుతుగా మూతపెట్టి, మంచం కింద ఉంచేవారు.

"సర్వర్ ఉందికదండీ, అంత దూరం ఎందుకండీ?" అని అడిగేను ఒకసారి.

"ఈ బడి మీద పిడుగు పడితే గోదావరి పాయకి అవతల కూడా పడదు కదా బాబూ."

పంతుళ్ళందరికీ ఈ ఏర్పాటు చెప్పడానికి ఆవిడ ఒక మధ్యాహ్నం సమావేశం పెట్టేరు. నన్నూ పిలిచేరు. నేను బోర్డు మీద గీతలు గీసి చెప్పేను. ఎవరికీ ఎక్కలేదు. ఆవిడ లేచి, లెక్కల టీచరమ్మాయి బ్యాగులోంచి చేతి అద్దం తీసి పట్టుకున్నారు.

"సింకు అంటే ఇది. నువ్వు బొట్టు పెట్టుకుంటే అద్దంలోనూ వస్తుంది. నువ్వు చెరుపుకుంటే అద్దంలోనూ పోద్ది. అద్దం నీ మాట వింటుంది, మంచిదైనా చెడ్డదైనా. బ్యాకప్ అంటే నిన్న తీసుకున్న ఫోటో. ఇవాళ నువ్వు బొట్టు చెరుపుకున్నా నిన్నటి ఫోటోలో ఉంటది. మనకి అద్దమూ కావాలి, ఫోటో కూడా కావాలి."

ఆ తర్వాత నా షాపుకొచ్చే ప్రతివాళ్ళకీ నేను ఆ మాటే చెబుతున్నాను. ఇంతకన్నా బాగా చెప్పడం నాకు చేతకాలేదు.

ఒకసారి, వానలు మొదలైన కొత్తలో, కెమెరా మొరాయిస్తోందని నన్నూ కూడా రమ్మన్నారు. మామిడికుదురు దాటి లోపలి ఊరు. అక్కడ వెంకన్న అని దింపు పని చేసేవాడు ఉన్నాడు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపడమే అతని బతుకు. పుట్టినప్పటినుంచీ వినపడదు. అతని భార్య సత్యవతికీ వినపడదు. అతను పైన కాయ కోస్తుంటే ఆవిడ కింద కాయలేరి కుప్ప పెట్టేది. పైన ఉన్నవాణ్ణి కేకేసి పిలవడానికి లేదు కదా, అందుకని ఆవిడ చెట్టు మొదట్లో రాయితో కొట్టేది. ఆ అదురు పైన అతని అరచేతులకి తెలిసేది. వాళ్ళిద్దరి సైగల్లో 'దిగు' అన్నమాట కూడా అలాగే ఉంది. నిలబెట్టిన ముంజేతి మీద రెండో చేత్తో గట్టిగా రెండు దెబ్బలు. ముంజెయ్యే చెట్టు.

కెమెరా సరిచేసి వెంకన్న ఎదురుగా పెట్టేను. టీచర్ గారు చేతుల్తో అడిగేరు. అతను మొదట సిగ్గుపడి, తర్వాత మొదలెట్టేడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నేను కళ్ళు తిప్పుకోలేకపోయేను. మొహం చెట్టయింది, గాలయింది, మబ్బయింది. ఒళ్ళంతా ఊగిపోయేడు. వాకిట్లో పొయ్యి దగ్గర సత్యవతి గారు మాకు టీ కాస్తున్నారు, మావైపు వీపు పెట్టి. వినపడనివాళ్ళకి వీపు తిప్పితే మాట లేనట్టే. మొగుడు ఏం చెప్పేడో ఆవిడ చూడలేదు.

తిరుగు బస్సులో టీచర్ గారు నాకు ఆ కథ చెప్పేరు. వెంకన్న వయసులో ఉండగా, పెళ్ళయిన కొత్తలో, పెద్ద తుఫాను వచ్చిందట. గాలి లేచేసరికి అతను తోటలో చెట్టు మీద ఉన్నాడు. గాలికి చెట్టే ఊగుతోంది, కింద ఎవరు కొట్టినా తెలీదు. అంతలో ఉప్పువాసన తగిలిందట. సముద్రం మీదనుంచి వచ్చేది మామూలు గాలి కాదని కనిపెట్టి, గబగబా దిగిపోయేడట. దిగి నాలుగడుగులు వేసేడో లేదో చెట్టు తల విరిగి పడిందట.

"ఆయన ముక్కే ఆయన్ని కాపాడింది," అన్నారు టీచర్ గారు. ఆవిడ చేతులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి ఆ చెట్టు, ఆ గాలి మళ్ళీ ఒకసారి బస్సులో వచ్చేయి. ముందు సీట్లోవాళ్ళు తిరిగి చూసేరు.

ఆవేళే అడిగేను, ఈ పని మీద ఇంత పట్టు ఎందుకండీ అని.  బస్సు వంతెన మీదుంది.

"మా అన్నయ్యకి వినపడేది కాదు బాబూ. నా చిన్నప్పుడే పోయేడు. మేమిద్దరం ఎప్పుడూ ఏదో చెప్పుకునేవాళ్ళం, మా అమ్మకి కూడా అర్థమయ్యేది కాదు. నవ్వుకునేవాళ్ళమని గుర్తుంది. ఏం చెప్పుకున్నామో, ఎలా చెప్పుకున్నామో ఒక్కటీ గుర్తులేదు. వాడి ఫోటో ఒకటుంది. చర్చి ముందు నిలబెట్టి తీసేరు. ఫోటో తీసినాయన చేతులు వెనక్కి పెట్టుకోమన్నాడట."

అంతవరకే చెప్పేరు. వంతెన దాటేక ఎక్కిన ఒకావిడకి సీటిచ్చి లేచి నిలబడ్డారు.

ఆ ఏడు వానలు గట్టిగా పట్టేయి. రోడ్లు మునిగి బస్సులు సరిగ్గా తిరగలేదు. దానికి తోడు ఆవిడకి గుండె పరీక్షలకని కాకినాడ తిరగడం సరిపోయింది. రాజోలు వెళ్ళే డిస్కు వెళ్ళలేదు. ఆ మధ్యలోనే వెంకన్న జ్వరంతో పోయేడు.

టీచర్ గారు వాళ్ళింటికి వెళ్ళి వచ్చేరు. సత్యవతి గారి చేతులు పట్టుకుని ఓదార్చడానికి లేదు, చేతులు పట్టుకుంటే ఇద్దరికీ మాట ఆగిపోతుంది. ఎదురుగా కూర్చుని, "ఆయన మా బడిలో ఉన్నాడు. నీకు ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు రా," అని చెప్పి వచ్చేరట.

వారం తిరిగిందో లేదో, పొద్దున్నే షాపు తీస్తుంటే ఫోను.

"బాబూ, నేను చెరిపేసేను. సర్వర్‌కి కరెంటు తీసేసేను. ల్యాప్‌టాప్ మూసేసేను. ఆ తర్వాత ఏదీ ముట్టుకోలేదు. మీరు రండి."

గొంతులో కంగారు లేదు. అందుకే నాకు కంగారు పుట్టింది.

జరిగింది ఇదీ. డిస్కు నిండిపోతోందని, రెండేసిసార్లు ఉన్న వీడియోలు తీసేద్దామని ఆవిడ కూర్చున్నారు. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లున్నాయి, చివర ఒక అంకె తేడా. నకలు అనుకుని అసలుది చెరిపేరు. మిగిలింది ఉత్త ఖాళీ ఫోల్డరు. చోటు కావాలి కదా అని చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేరు. ల్యాప్‌టాప్‌లో పోయిందని సర్వర్ కూడా తు.చ. తప్పకుండా తనదగ్గరది చెరిపేసింది. అద్దం అద్దం పని చేసింది. చెరిపినవాటిని సర్వర్‌లో కొన్నాళ్ళు పక్కన ఉంచే ఏర్పాటు అప్పటికి లేదు, చోటు చాలదని ఇద్దరం కలిసే వద్దనుకున్నాం.

నేను వెళ్ళేసరికి బడి కార్యదర్శి గారు అక్కడే ఉన్నారు. మంచాయనే. టీచర్ గారి పేరు చెడకూడదని ఆయన తాపత్రయం. "కరెంటు పోయి పాడైందని చెబుదామండీ. ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

"కరెంటు ఏమీ చెయ్యలేదండీ. నేను చేసేను," అన్నారావిడ.

ప్రార్థన బెల్లు లైటు వెలిగింది. ఆ బడిలో గంట మోగదు, ఎర్ర లైటు వెలుగుతుంది. పిల్లలందరూ ఆవరణలో వరసల్లో నిలబడ్డారు. ఆవిడ అరుగెక్కి, వాచీ సరిచేసుకుని, చూపుడువేలు ఎత్తి అందరికీ చూపించేరు. ఈ వేలు నొక్కింది. మీ మాటలు పోయేయి. చాలావరకు రాజోలులో ఉన్నాయి. కొన్ని లేవు. లేనివాటికోసం ఈయన ప్రయత్నిస్తారు. పక్కనున్న టీచరు నాకు మెల్లగా తెలుగులో చెబుతున్నారు. ఆవిడ తల దించలేదు, ఏడవలేదు. పిల్లలు కూడా ఏడవలేదు. ఒకరి తర్వాత ఒకరు గుప్పిట చంక కింద పెట్టి చూపించేరు. అప్పుడే ఆ సైగ నేను మొదటిసారి చూడడం.

మధ్యాహ్నానికి రాజోలునుంచి స్టీలు డబ్బా వచ్చింది. ఏళ్ళతరబడి పోగుచేసింది అంతా అందులో చెక్కుచెదరకుండా ఉంది. వానలు మొదలయ్యేక తీసినవి మాత్రం లేవు. వెంకన్న వాటిల్లో ఉన్నాడు.

ల్యాప్‌టాప్‌ మీద నాకు ఆశ లేదు. అందులో నేను వేసింది కొత్తరకం డిస్కు, చెరిపింది ఇంక తిరిగిరాదు. సర్వర్‌లోది పాతరకం. చెరిపినా, దాని మీద ఇంకోటి రాసేదాకా లోపల మిగిలే ఉంటుంది. ఆవిడ వెంటనే కరెంటు తీసేసేరు చూడండి, అదే మమ్మల్ని కాపాడింది. ఇంకో గంట నడిచి ఉంటే ఏం మిగిలేదో చెప్పలేను. డిస్కు షాపుకి తెచ్చి, వేరే కంప్యూటర్‌కి తగిలించి, పోయినవాటిని వెతికే ప్రోగ్రాం పెట్టేను.

వచ్చేయి. కానీ పేర్లు లేకుండా వచ్చేయి. ఒక్కో వీడియోకి ఒక అంకె తప్ప ఏమీ లేదు. ఏది పీతో, ఏది పంటో, ఏది ఎవరిదో తెరిచి చూస్తేగాని తెలీదు. పాతవీ కొత్తవీ కలిసిపోయి గుట్టలా ఉన్నాయి.

"పేర్లు పిల్లలు పెడతారు," అన్నారు టీచర్ గారు.

కంప్యూటర్ గదిలో పిల్లలు కూర్చున్నారు. ఒక్కో వీడియో తెరవడం, చూడడం, అదేం మాటో సైగతో చెప్పడం, టీచర్ గారు టైపు చెయ్యడం. పదో తరగతి చదివే కెజియా అని ఒకమ్మాయి ఉండేది, అందరికన్నా చురుకైంది. ఒక వీడియో దగ్గర ఆగిపోయి తల అడ్డంగా ఊపింది. అది ఎప్పుడో తీసిన వీడియో, రాజోలు డిస్కులో దాని పేరు 'వాన' అని ఉంది. వాన కాదంది కెజియా. వాన పైనుంచి పడుతుంది, ఈ ముసలాయన చేతులు పక్కనుంచి వస్తున్నాయి. కాలవకి నీళ్ళు వదిలేరంటున్నాడు. టీచర్ గారు మళ్ళీ చూసేరు. ఇంకోసారి చూసేరు.

"ఇన్నాళ్ళూ నేను వాన అనుకున్నాను," అని, వాన చెరిపి 'కాలవ వదిలేరు' అని కొట్టేరు. అక్కడితో ఆగలేదు. ఆ వరసలో ఇంకా ఎన్ని తప్పుగా రాసేరో చూడమని పాతవన్నీ కూడా పిల్లల ముందు పెట్టేరు. పోయినవాటిని వెతకబోయి ఉన్నవాటిని సరిచేసుకోవడం మొదలైంది. ఆవిడ మొహం చూస్తే, నష్టపోయిన మనిషి మొహంలా లేదు.

వెంకన్న కూడా దొరికేడు. కెజియాయే గుర్తుపట్టింది. చెట్టెక్కుతాడు, కాయ కోస్తాడు, మబ్బు కమ్ముతుంది, గాలి లేస్తుంది, చెట్టు ఊగుతుంది. రెండు చేతులతో చెట్టుని కరుచుకుని కిందకి చూస్తాడు. అక్కడ ఆగిపోయింది. ఆ బొమ్మ అలాగే నిలబడిపోయింది, ముందుకి కదల్లేదు. మిగతా సగం మీద ఇంకేదో రాసేసింది డిస్కు. నాకు తెలిసినవన్నీ చేసేను. హైదరాబాదులో ఉన్న స్నేహితుణ్ణి అడిగేను. లాభం లేకపోయింది.

"ఇంతేనండీ," అన్నాను.

"ఆయ్. మనిషి కనపడుతున్నాడు కదా," అన్నారు. అని ఆ సగాన్నీ అప్పటికప్పుడే రెండు డిస్కుల్లోకి ఎక్కించమన్నారు. ఆవేళే సర్వర్‌లో చెరిపినవి పక్కన దాచే ఏర్పాటు కూడా చేయించేరు. ఇకనుంచి ఏదైనా చెరపాలంటే పక్కన ఇంకొకరు కూర్చోవాలని నియమం పెట్టేరు. ఆ నియమం ముందు తనకే పెట్టుకున్నారు. ఆవిడ పోయేక కూడా అది అలాగే నడుస్తోంది. రాజోలు డిస్కు ఇప్పుడు లెక్కల టీచరమ్మాయి తీసుకెళ్తోంది.

తర్వాత కొద్దిరోజులకే సత్యవతి గారు బడి ముందు ఆటో దిగేరు. నేను అప్పుడు మేడ మీద సర్వర్ గదిలోనే ఉన్నాను. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు వచ్చేరు. టీచర్ గారు ఆవిణ్ణి పైకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి తెర ఆవిడవైపు తిప్పేరు.

వెంకన్న సిగ్గుపడుతూ మొదలెట్టేడు. సత్యవతి గారు ఊరికే చూస్తూ కూర్చోలేదు. అతను ఏదో అంటే ఈవిడ చేతులతో జవాబు చెబుతున్నారు. ఒకచోట కాదు కాదని తల ఊపేరు. ఒకచోట వేలెత్తి బెదిరించేరు. ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని మొగుడితో మాట్లాడుతున్నట్టే ఉంది. వీడియో ఆగిపోయింది. వెంకన్న చెట్టుని పట్టుకుని కిందకి చూస్తున్నాడు. ఆవిడ ఎదురుచూసేరు. ఆలోచించుకుంటున్నాడనుకున్నారు కాబోలు. చాలాసేపు అలాగే ఎదురుచూసేరు. అప్పుడు టీచర్ గారివైపు తిరిగి, తర్వాత ఏమన్నాడని అడిగేరు.

టీచర్ గారు చేతులతోనూ, నాకు తెలియాలని పైకీ జరిగింది చెప్పేరు. "మిగతాది నా వేలి తప్పువల్ల పోయింది, కానీ ఆరోజు నేను చూసేను, నాకు గుర్తుంది," అన్నారు.

అయితే చెప్పు, అన్నారు సత్యవతి గారు.

సత్యవతి గారికి వినపడదు కాబట్టి నేను పైకే అన్నాను. "టీచర్ గారూ, ఏదో ఒక మంచి మాట చెప్పండి. ఈవిణ్ణి తలుచుకున్నాడని చెప్పండి. పాపం, అంత దూరంనుంచి వచ్చేరు."

ఆవిడ నావైపు తిరక్కుండానే, "ఆయన అనని మాట నేను అనను బాబూ," అన్నారు. అని, వెంకన్న చెప్పినదాన్ని చెప్పినట్టే చెప్పేరు. ఉప్పువాసన తగిలింది. సముద్రం సంగతి కనిపెట్టేను. దిగిపోయేను. చెట్టు తల విరిగి పడింది.

 సత్యవతి గారు నవ్వడం మొదలెట్టేరు. గొంతులోంచి గరగరమని వచ్చే నవ్వు, తనకి వినపడదు కాబట్టి దాన్ని అదుపు చేసుకోవాలని కూడా తెలీని నవ్వు. కళ్ళు తుడుచుకుని, రెండు చేతులూ అడ్డంగా ఊపేరు. ఆ సైగ నాక్కూడా అర్థమైంది. అబద్ధం.

టీచర్ గారు నాకు కనుసైగ చేసేరు. కెమెరా పెట్టేను. కుర్చీ కిటికీ వెలుగులోకి జరిపేం. సత్యవతి గారి చేతులు చెబుతుంటే టీచర్ గారు నాకోసం పైకి చెబుతున్నారు.

"వాసన లేదు ఏమీ లేదు. కింద చెట్టు మొదట్లో కొట్టేను, కొట్టేను. చెట్టు ఊగుతోంది, ఆయనకి తెలీలేదు. పైకి చూడమని చీర కొంగు ఊపేను, చూడలేదు. అప్పుడు రాయి తీసి విసిరేను. తగల్లేదు. ఇంకోటి విసిరేను. వీపు మీద తగిలింది. కిందకి చూసేడు. నేను రాయి పట్టుకుని ఉన్నాను. ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చింది. నన్ను కొట్టడానికి గబగబా దిగేడు. నేను పరిగెట్టేను. నా వెనకాల పడి పరిగెట్టేడు. అప్పుడు చెట్టు విరిగింది. ఇద్దరం వెనక్కి తిరిగి చూసేం. కొట్టడం మర్చిపోయేడు."

చెప్పడం అయిపోయేక చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. 

నేను కంప్యూటర్ దగ్గర కూర్చుని, "దీనికి ఏం పేరు పెట్టమంటారండీ? వెంకన్న కథకి మిగతా సగం అని పెట్టేదా?" అని అడిగేను.

"మిగతా సగం కాదు బాబూ. ఆయన చెప్పింది ఆయన పేరుతో ఉంటుంది, ఎంత ఉంటే అంత. ఆయన ఎలా ముగించేడో నాకు గుర్తున్నంతవరకు కింద రాసిపెడతాను. ఇది ఆవిడ పేరుతో పెట్టండి."

"రెండూ కలవట్లేదు కదండీ. ఏది నిజమని చూసేవాళ్ళు అడుగుతారేమో."

"అడగనివ్వండి. చూసినవాళ్ళు ఇద్దరే. ఇద్దరి మాటా ఉంది."

సత్యవతి గారు మా ఇద్దరి పెదాలూ కదలడం చూసి, ఏంటని అడిగేరు. టీచర్ గారు చెప్పేరు. ఆవిడ సరేనన్నారు. వెళ్ళబోతూ, మళ్ళీ ఒకసారి చూపించమన్నారు. మొగుడిది కాదు, తనది. చూపించేం. తన చేతులు తెరమీద కదలడం ఆవిడ అంతకుముందు ఎప్పుడూ చూసి ఉండరు. ముందుకి వంగి, ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూసేరు. రాయి తీసిన చోటికి వచ్చేసరికి ఆపమని చెయ్యెత్తేరు.

రాయి అంత చిన్నది కాదట. తెరమీద వేళ్ళతో చూపించినదాన్ని కాదని, రెండు అరచేతులూ ఎడంగా పెట్టి, ఇంకాస్త ఎడంగా జరిపి, ఇంత, అన్నారు.

టీచర్ గారు నవ్వుతూ, "బాబూ, కెమెరా మళ్ళీ పెట్టండి," అన్నారు.